పెద్దల గది

పోయిన నెల మా చిన్నాన్న పెద్దకర్మ అయ్యాక అందరం భీమిలి వెళ్ళాం. ముందుగా అనుకుని వెళ్ళింది కాదు. భోజనాలు అయిపోయి, గిన్నెలు కడిగి బోర్లించేసరికి ఇంకా పొద్దుంది. చిన్నాన్న కొడుకు సత్యం ఈమధ్యే కారు కొన్నాడు. "ఒకపాలి అలగెల్లి ఊరు సూసొద్దాం అక్కా" అన్నాడు. ఊరంటే మా ఇంట్లో భీమిలే. వాడి పెళ్ళాం గాజువాక పిల్ల, కిందటేడే మా ఇంటికి కోడలిగా వచ్చింది. ఒడ్డున దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో కొంతదూరం నడిచాక, "వదినా, మన ఇల్లు ఏవైపు?" అని అడిగింది. సత్యం నా మొహంలోకి చూశాడు. నేను చెయ్యెత్తి చూపించిన చోట ఒక కెరటం విరిగి తెల్లగా పరుచుకుంది. ఒడ్డు వెంబడి దూరంగా ఏదో చూపిస్తున్నాననుకుని ఆ పిల్ల మెడ సాచి వెతికింది. "అక్కడేనమ్మా, ఆ నీళ్ళున్నచోటే" అన్నాను. 

తిరిగొచ్చేటప్పుడు కారులో వాళ్ళిద్దరూ దారి గురించి మాట్లాడుకుంటున్నారు. నాకు మాత్రం ఆ ఇల్లు గది వెంట గది గుర్తొస్తూనే ఉంది. ఆ ఇంట్లో మసిలినవాళ్ళలో మిగిలింది నేనూ, అమ్మా. అమ్మకి ఇప్పుడేదీ సరిగ్గా గుర్తుండటం లేదు. సత్యం అప్పటికి చంకబిడ్డ, వాళ్ళమ్మ మొదట్నించీ హార్బరు దగ్గరే కాపురం. అడిగిన మనిషికి నీళ్ళు చూపించి ఊరుకోవడం నాకే బాగాలేక, నాకు తెలిసినంతవరకూ రాసి పెడదామని కూర్చున్నాను.

అప్పట్లో మేం మద్దిలపాలెంలో ఉండేవాళ్ళం. బస్సు డిపో వెనక సందులో వరసగా ఉన్న పోర్షన్లలో చివరిది మాది. ముందు ఒక గది, వెనక ఒక గది, వంటకి వరండాలో ఒక మూల. నాన్న డిపోలో మెకానిక్. మావాళ్ళలో తెప్ప వదిలేసి పానా పట్టుకున్న మొదటి మనిషి ఆయనే. సాయంత్రం వచ్చి కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుపొడితో ఒకసారి చేతులు తోముకున్నా డీజిలు వాసన మాత్రం పోయేది కాదు. ఆ వాసన వదలని చేత్తోనే అన్నం కలుపుకునేవాడు. తాత పోయాక మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, మా దగ్గరికి వచ్చేసింది. ఆమె వస్తూ తెచ్చుకున్నది ఒక ట్రంకుపెట్టె, ఎండుచేపల బుట్ట, చుట్టల కట్ట. వరండా మెట్టు మీద కూర్చుని, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. పక్క పోర్షను పిల్లలు ఆమె నోరు ఎందుకు కాలడం లేదో చూడటానికి చుట్టూ చేరేవారు. ఇంటి ఓనరు కుటుంబం చేప వాసన ఓర్వలేరు. అందుకని వాళ్ళు ఊరికి వెళ్ళిన రోజున అమ్మ తలుపులూ కిటికీలూ మూసి, కవ్వళ్ళ చేపలు వేయించేది. ఆ రోజు మామ్మ రెండుసార్లు అన్నం పెట్టించుకునేది. మద్దిలపాలెంలో ఎక్కడ నిలబడినా సముద్రం కనబడదు. అయినా పొద్దున్నే డాబా ఎక్కి, గాలికి మొహం పెట్టి కాసేపు నిలబడేది. కిందికి దిగి, "ఇయ్యాల సముద్రం బాగునేదు. సిన్నోడు ఏటకెల్లకుంటే బాగున్ను" అని తనలో తను అనుకునేది. చిన్నోడంటే చిన్నాన్న ఎల్లాజీ. ఆ పేరు వినబడగానే నాన్న కంచం ముందునుంచి లేచి చెయ్యి కడుక్కునేవాడు.

ప్రతి అమావాస్యకీ మామ్మ భీమిలి ఇంటికి వెళ్ళి దీపం పెట్టాలి. నాన్నకి డ్యూటీ, అమ్మకి ఇల్లు. నేను డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు ద్వారకా నగర్లో టైపు నేర్చుకుంటూ ఉండేదాన్ని. అందుకని ఆమెతో వెళ్ళే పని నాకు పడింది. డిపో మనిషి తల్లి కావడంతో కండక్టర్లు ఆమెను పేరుపెట్టి పలకరించి ముందు సీటు ఇప్పించేవారు. బస్సు భీమిలి దగ్గరపడి, కిటికీలోంచి ఉప్పుగాలి తగలగానే మామ్మ కొంగు సరిచేసుకుని నిటారుగా కూర్చునేది. ఆమె నడుం వంగిన మనిషని అప్పుడు చూసినవాళ్ళెవరూ అనుకోరు. మా ఇల్లు వలసపేటలో సముద్రం వైపు చివరి వరసకి ముందు వరసలో ఉండేది. మట్టిగోడలు, తాటాకు కప్పు, ముందు నీళ్ళకుండ పెట్టుకునే అరుగు. తాళం చెవి పక్కింటి కాశమ్మ దగ్గర ఉండేది. తలుపు తియ్యగానే చీకటిలోంచి ఎండిన వలతాడు వాసన, పాత పసుపు వాసన, ఎలకలు తిరిగిన తాటాకు వాసన కలిసి మొహాన తగిలేవి. ఇప్పటికీ ఎక్కడైనా పాత తాడు వాసన తగిలితే నా కాళ్ళు ఒక్క క్షణం ఆగిపోతాయి.

ఆ ఇంట్లో లోపలి గది పెద్దల గది. గది అంటే గొప్పగా ఏమీ ఉండదు. కిటికీ లేదు, తలవంచి వెళ్ళాలి. గోడ వారగా అలికిన మట్టితిన్నె, దాని మీద వరసగా మట్టి ముంతలు. దాన్ని మావాళ్ళు తినె అంటారు. మా ఇంట్లో పోయినవాళ్ళని దాని మీద కూర్చోబెడతారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ముంత, పసుపు రాసి, బొట్టుపెట్టి. చివరన ఉన్న కొత్త ముంత మా తాత. మధ్యలో నల్లబడిపోయిన ముంత మామ్మకి అత్తగారు. ఆ ముంత ముందుకి వెళ్ళగానే మామ్మ తలమీద కొంగు లాక్కునేది. "పోయి ఎన్నేల్లైపోనాది, ఇంకా బయవేటి మామ్మా?" అని నేను నవ్వితే, "నీకేటి తెలుసే గుంటా, ఆయమ్మ సూపు నువ్వు సూళ్ళేదు" అనేది. దీపం వెలిగించి, అన్నం ముద్దలు పెట్టి, ముందు పెదవులు కదుపుతూ ఏవో మాటలు లోలోపలే అనుకునేది. అవి వాళ్ళని పిలిచే మాటలు. గడపలో కూర్చున్న నాకు వినబడేవి కావు. ఆ తర్వాత గొంతెత్తి కబుర్లు చెప్పేది. నూకరాజుకి ఈ ఏడూ ప్రమోషన్ రాలేదని, పారోతి మిసను మీద టకటకా కొట్టడం నేర్చుకుంటోందని, ఎల్లాజీ పెళ్ళానికి మళ్ళీ నెల తప్పిందని. నూకరాజు మా నాన్న. పారోతి నేను. ఆ కబుర్లు వింటూ ఉంటే గోడ వార నిజంగానే ఎవరో కాళ్ళు మడుచుకుని కూర్చుని ఊకొడుతున్నట్టు ఉండేది.

తాత పోయింది మంచి ఎండల్లో. పొద్దున్న గంజి తాగి అరుగుమీద ఒరిగినవాడు మళ్ళీ లేవలేదు. కబురు అందుకుని మేం వెళ్ళేసరికి ఇంటినిండా జనం. చిన్నాన్న మరబోటు మీద ఒరిస్సా వైపు వేటకి వెళ్ళాడు. ఎప్పుడొస్తాడో చెప్పగలిగినవాళ్ళు లేరు, నడిసముద్రంలో ఉన్న మనిషికి కబురు పంపే దారీ లేదు. ఆ పగలంతా చూశారు. మర్నాడు పొద్దున్న పేట పెద్దలు, "ఇంకాగీడానికి నేదు నూకరాజూ" అన్నారు. నాన్న సముద్రం వైపు చూస్తూ మధ్యాహ్నం దాకా ఆపాడు. ఆ తర్వాత ఆపలేకపోయాడు. కొరివి పెట్టాడు. చిన్నాన్న వచ్చేసరికి మసనంలో బూడిద కూడా ఎత్తేశారు. ఇంటి ముందు నిలబడి, "అయ్య మొగం నాకు సూపించలేదు గదా అన్నయ్యా" అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. తాత చెప్పులు తీసుకుని వెళ్ళిపోయాడు. విశాఖ ఫిషింగ్ హార్బరు దగ్గర తనే గుండు చేయించుకుని, తనే విడిగా కర్మ చేసుకున్నాడు. ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు. నాన్నతో మాట్లాడలేదు. ఇందులో ఎవరిది తప్పో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

అదే కాలంలో సముద్రం పేట మీదికి రావడం మొదలుపెట్టింది. మొదట తెప్పలు పెట్టుకునే ఇసక కొంచెం కొంచెంగా తగ్గింది. ఒక అమావాస్యకి వెళితే వలలు ఆరేసుకునే పందిరి లేదు. ఇంకోసారి వెళితే మా వెనక వరసలో ఉన్న ఇళ్ళకి వెనక గదులు లేవు, ముందు తలుపులు మాత్రం నిలబడి ఉన్నాయి. ఆ తలుపుల్లోంచి చూస్తే అవతల కెరటాలు. కాశమ్మ మామ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. "సూడొదినా, నిన్న ఇక్కడ పొయ్యెట్టి సారు కాసినాను. ఇయ్యాల ఆ రాళ్ళే నేవు" అంది. పేటవాళ్ళందరూ సామాను గట్టుమీదికి మోసుకుంటున్నారు. మా ఇంట్లో మోసుకోవడానికి సామాను లేదు. ఉన్నది ఆ తినె ఒక్కటే. ఎత్తి బుట్టలో పెట్టుకుంటే బస్సులో పట్టేసే ముంతలు అవి. నేను అదే మాట అన్నాను కూడా. మామ్మ నా వంక జాలిగా చూసింది. "ఊరికే ఎత్తీడానికి కూరగాయలేటే అయ్యి? కొడుకులందరూ కలిసొచ్చి, తినె కాడ ఒక్క కంచంలో తిని, లెగండి మాతో రండని పిలవాల. ఒకడే పిలిస్తే సగం మందే వొత్తారు. వొచ్చినోల్లెవరో, ఉండిపోయినోల్లెవరో ఎలగ తెలుస్తాది?" అంది. 

ఆ వారంలోనే మామ్మ నన్ను వెంటబెట్టుకుని ఫిషింగ్ హార్బరుకి వెళ్ళింది. బోట్లు దిగిన వేళ, కాలుపెట్టే సందు లేదు. ఐసు గడ్డలు నలిపే మిషను మోత, వేలంపాట కేకలు, కాళ్ళకింద చేపనీళ్ళు. చిన్నాన్న బోటు మీద కూర్చుని వల కుడుతున్నాడు. తల్లిని చూడగానే గబగబా దిగొచ్చి, పక్కనున్న గంపని బోర్లించి కూర్చోబెట్టాడు. నన్ను చూసి, "ఏటి పారోతీ, ఇలగ సిక్కిపోనావు? మీ నాన్న డీజిలు పోత్తన్నాడేటి నీకు?" అని నవ్వాడు. మామ్మ విషయం చెప్పింది. ఇల్లు ఇక నిలవదంది. ఒక్క పూట వచ్చి అన్నతో కలిసి తినమంది. చిన్నాన్న మొహంలో నవ్వు పోయింది.

"ఆడొచ్చి అడిగినాడేటమ్మా?"

"ఆడెందుకడుగుతాడ్రా? నానడుగుతన్నాను గదా."

"నువ్వడిగితే నా పేణమిచ్చేస్తాను. గానీ ఆడి కంచంలో సెయ్యెట్టమనకు. అయ్య కాలిపోతంటే నాను వలలాగుతన్నాను. సేపలు పడ్డాయని నవ్వుతన్నాను. ఆ రోజు తలుసుకుంటే ముద్ద దిగదే నాకు." కళ్ళు తుడుచుకుని, "ఆడొచ్చి ఒక్కపాలి, ఎల్లాజీ, నీకోసం ఆగకుండా సేసీసినాను అనమను. సాలు. పరిగెత్తుకొచ్చేస్తాను" అన్నాడు. మేం బయల్దేరేటప్పుడు చందువా చేపలు తాటాకు బుట్టలో సర్ది నా చేతికిచ్చాడు. బస్సులో జనం ముక్కులు మూసుకుంటుంటే మామ్మ ఆ బుట్ట ఒళ్ళో పెట్టుకుని, ఎవరికీ కనబడకుండా కొంగుతో కప్పుకుని ఏడిచింది.

ఇంటికొచ్చి నాన్నకి చెప్తే ఆయన ఆ చందువాలు తినలేదు. "నాను తప్పేటి సేసినానమ్మా? నువ్వు సెప్పు. పీనుగుని ఎండలో ఎట్టుకుని ఎంతసేపు కూకోవాల? పెద్దలందరూ సెప్పినారు. నువ్వూ అక్కడే ఉన్నావు" అన్నాడు.  "నువ్వు తప్పు సేసినావని నానన్నానేట్రా? ఆ మాట అనీమంతన్నాను. అంతే" అంది మామ్మ. "సెయ్యని తప్పు సేసినానని ఎలగంటాను?" అన్నాడు నాన్న. అన్నదమ్ములిద్దరి మాటా నాకు న్యాయంగానే అనిపించేది.  అలా ఆ ఎండాకాలం గడిచింది, వానాకాలమూ గడిచింది. మామ్మ హార్బరుకీ ఇంటికీ తిరుగుతూనే ఉంది. ప్రతి అమావాస్యకీ సముద్రం మా వెనక గోడకి కొంచెం దగ్గరగా కనబడేది.

వాయుగుండం పట్టిందని రేడియోలో చెప్పిన రోజు పొద్దున్న భీమిలి బస్సు కండక్టరు డిపోలో నాన్నని వెతుక్కుంటూ వచ్చాడు. కాశమ్మ కబురు పంపింది. వెనక గోడ పగిలింది. నాన్న సెలవు పెట్టి ఇంటికొచ్చి, చొక్కా మార్చుకుని, ఎవరి వైపూ చూడకుండా, "పారోతీ, పద. హార్బరుకెల్దాం" అన్నాడు.  దారిలో ఆయన పెదవులు కదులుతున్నాయి. చెప్పాల్సిన మాట సరిచూసుకుంటున్నాడని నాకు తెలిసిపోయింది. చిన్నాన్న ఇంటి ముందు పిన్ని సత్యాన్ని చంకనేసుకుని నిలబడి ఉంది. నాన్నని చూడగానే కొంగు భుజంమీదికి లాక్కుని గుమ్మం పక్కకి తప్పుకుంది. "ఎల్లాజీ ఉన్నాడామ్మా?" అన్నాడు నాన్న.

"నిన్నే ఏటకెల్లినారు బావగారూ" అంది పిన్ని.  "మీరొత్తారని తెలిస్తే బోటెక్కకపోదురు. ఎన్నాల్లనించో ఈ గుమ్మం కాసే సూత్తన్నారు. పైకి అనరు గానీ."

నాన్న ఆ గుమ్మంలోనే కూలబడ్డాడు. పిన్ని లోపలికి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. తాగకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. పోర్టు వైపు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని ఎవరో అరుచుకుంటూ పోయారు. బోట్లు ఒకటొకటే వెనక్కి వస్తున్నాయి. మేమున్నంతసేపూ వచ్చిన వాటిలో చిన్నాన్న బోటు లేదు.

మధ్యాహ్నానికి మామ్మని తీసుకుని భీమిలి చేరాం. వాన ఏటవాలుగా కొడుతోంది. పేటలో సగం ఖాళీ. మా ఇంటి వెనక గోడ కింద కెరటం వచ్చి తగిలినప్పుడల్లా తినె మీద ముంతలు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడు చేస్తున్నాయి. మామ్మ దీపం పెట్టబోయింది. అగ్గిపుల్ల వెలగలేదు. నాన్న తలవంచి లోపలికి వచ్చి, "అమ్మా, నానెత్తేస్తాను. పెద్దోన్ని నాను. ఆడి బదులు కూడా నానే దండం పెడతాను. ఏదైనా దోసముంటే నాకే తగల్నీ. ఇంకాగితే ఏటీ మిగల్దు" అన్నాడు. మామ్మ తినెకి అడ్డంగా కూర్చుంది.

"ఒకపాలి ఆడు లేకుండా సేసినావు. అప్పుడు నానూ ఊరుకున్నాను. ఈపాలి ఆగు."

"ఆడెక్కడున్నాడో, ఎలగున్నాడో తెల్దే అమ్మా!"

"అందికే ఆగమంతన్నాను. ఈల్లని ఎత్తీసి, ఆడు మల్లీ వొచ్చి బూడిద సూసుకున్నట్టు సూసుకుంటే, ఆడిక నాకు మిగల్డు."

 నాన్న గడపలో గొంతుక్కూర్చున్నాడు. మేం ముగ్గురం ఆ చీకటి గదిలో, కాళ్ళకింద నేల చెమ్మగా మారుతుంటే, ఎవరి కోసం చూస్తున్నామో ఆ మనిషి బతికున్నాడో లేదో తెలియకుండా కూర్చున్నాం. నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చినప్పుడు కాశమ్మ కొడుకులు వచ్చి మామ్మని ఎత్తుకుని బయటికి తెచ్చారు. ఆమె పెనుగులాడలేదు. నాన్న ఒక్కడే లోపల నిలబడి ఉన్నాడు. నేను గుమ్మం దగ్గరనించి కేకవేస్తూ చూస్తున్నాను. ఆయన తాత ముంత మీద చెయ్యి వేశాడు. ఎత్తుతాడనుకున్నాను. కాసేపు అలాగే నిమిరి, చెయ్యి తీసేసి బయటికి వచ్చేశాడు. గోడ పడినప్పుడు పెద్ద చప్పుడేం కాలేదు. నానిన మట్టి కదా, అలిసిన మనిషిలా ఒక పక్కకి ఒరిగింది. తాటాకు కప్పు నీళ్ళమీద కొంతదూరం తేలి, మెల్లిగా విడిపోయింది. గట్టుమీద జనమంతా చూస్తున్నారు. రావద్దని సముద్రానికి ఎవరు చెప్తారు? మామ్మ మాత్రం రెండు చేతులూ జోడించి, తడిసిన కొంగు తలమీదికి లాక్కుంది.

చిన్నాన్న బతికే ఉన్నాడు. బోటు గాలికి ఒరిస్సా వైపు కొట్టుకుపోయి గోపాల్‌పూర్ దగ్గర ఒడ్డు చేరారట. అక్కడినించి రైల్లో, బస్సుల్లో పడి వచ్చాడు. సంగతి తెలిసి తిన్నగా భీమిలికే వచ్చాడు. అప్పటికి సముద్రం తెరిపిన పడింది. మేం కాశమ్మ వాళ్ళు గట్టుమీద వేసుకున్న పాకలో ఉన్నాం. నాన్న రోజంతా ఒడ్డునే ఉండేవాడు, కొట్టుకొచ్చే చెక్కలవీ చూసుకుంటూ. చిన్నాన్న మాసిన గడ్డంతో నడుచుకుంటూ వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు. ఇల్లు ఉండాల్సిన చోటుని అటూ ఇటూ చూశాడు.

"ఎత్తీలేదేటన్నయ్యా పెద్దోల్లని?"

"నీకోసం ఆగినాంరా" అన్నాడు నాన్న.

చిన్నాన్న ఇసకలో కూర్చుండిపోయాడు. రెండు చేతులతో ఇసక పిడికిళ్ళు పట్టుకుని, "ఎందుకాగినావన్నయ్యా? ఈపాలి ఆగకుండా ఉండాల్సింది గదా. ఎందుకాగినావు?" అంటూ చిన్నపిల్లాడిలా ఏడిచాడు. నాన్న కూడా పక్కనే కూర్చున్నాడు. హార్బరుకి వెళ్ళేటప్పుడు దారిపొడుగునా సరిచూసుకున్న మాట ఆయన అప్పుడూ అనలేదు. ఇక దాని అవసరమూ లేకపోయింది. మామ్మ పాకలోంచి చూస్తూ ఉంది కానీ వాళ్ళ దగ్గరికి రాలేదు. కొడుకులిద్దరూ కలిశారని అందరూ సంతోషించారు. ఆమె మొహంలో మాత్రం ఆ సంతోషం నేను చూడలేదు.

ఆ తర్వాత మామ్మ అమావాస్యకి బస్సెక్కడం మానేసింది. డాబా మీదికి వెళ్ళడమూ మానేసింది. కొడుకులిద్దరూ పోటీపడి చూసుకున్నారు. చిన్నాన్న ఆదివారం ఆదివారం చేపలు తెచ్చేవాడు, అన్నదమ్ములు వరండాలో పక్కపక్కన కూర్చుని తినేవారు. ఓనరు వచ్చి వాసనని విసుక్కుంటే నాన్న మొదటిసారి గట్టిగా జవాబిచ్చాడు. మామ్మ రెండు ముద్దలు తిని లేచిపోయేది. నా పెళ్ళి సంబంధాల మాటలు నడుస్తున్న రోజుల్లో ఒక సాయంత్రం, ఏ సందర్భమూ లేకుండా, మెట్టుమీద కూర్చుని అడిగింది.

"నూకరాజూ, నాను సచ్చిపోతే నన్నెక్కడ కూకోబెడతార్రా?"

నాన్న పేపరు చదువుతున్నాడు. తల ఎత్తలేదు. "ఇప్పుడా మాటలెందుకే" అన్నాడు.

"మీ అయ్య పక్కన నాకు సోటుంచుకున్నాను. తినె సివర్న. నానే అలికినాను దాన్ని" అంది. ఆ మాట నన్నడిగినట్టుగా నా వైపు తిరిగింది. నేను లోపలికి వెళ్ళి ఆమెకి టీ పెట్టుకొచ్చాను.  ఆ ఏడాది చలికాలంలో నిద్రలోనే పోయింది. కొడుకులిద్దరూ దగ్గరున్నారు. ఈసారి ఎవరి కోసమూ ఆగనక్కర్లేకపోయింది.

ఎక్కడ కూర్చోబెట్టాలన్నది మాత్రం తేలలేదు. అద్దెపోర్షనులో తినె వెయ్యడానికి ఓనరు ఒప్పుకోడు. చివరికి చిన్నాన్న తన ఇంటి వంటగది మూల సిమెంటుతో చిన్న దిమ్మ కట్టించి, కొత్త ముంత పెట్టాడు. అన్నదమ్ములిద్దరూ ఒక్క కంచంలో తిని పిలిచారు. పిలిచే మాటలు ఇద్దరికీ సరిగ్గా రావు. అవి ఇంట్లో పెద్ద ఆడమనిషి మరో ఆడమనిషికి చెప్పుకునే మాటలు. అమ్మకి మామ్మ చెప్పలేదు, పిన్నికీ చెప్పలేదు. చెప్పడానికి ఒక ఇల్లంటూ ఉంటే చెప్పేదేమో. ఆ తర్వాత నేను ఎప్పుడు వెళ్ళినా చిన్నాన్న నన్ను వంటగది దాకా తీసుకెళ్ళి, గొంతు తగ్గించి, "మీ మామ్మ వొచ్చినాదంతావేటి? ఆ పెద్దోల్లందర్నీ అక్కడొగ్గేసి, ఒక్కర్తీ ఇక్కడికెలగొత్తాది?" అని అడిగేవాడు. "వచ్చే ఉంటుంది సిన్నాన్నా" అనేదాన్ని. ఆయన నమ్మినట్టే తల ఊపేవాడు. కొన్నేళ్ళకి నాన్న పోయాక పక్కన ఇంకో ముంత వెలిసింది. ఆ రోజు చిన్నాన్న ఒక్కడే కంచం ముందు కూర్చున్నాడు. ముద్ద కలిపి ఎంతసేపటికీ నోట్లో పెట్టుకోలేకపోయాడు.

ఇప్పుడు మధురవాడ అవతల నాకూ ఒక ఫ్లాటు ఉంది. లిఫ్టు, కాపలా మనిషి, పాలరాతి దేవుడిగది అన్నీ ఉన్నాయి. బాల్కనీలోంచి చూస్తే సముద్రం గీతలా కనబడుతుంది. అప్పుడు మాకు కిటికీలేని గది ఒకటి ఉండేది, అందులో మావాళ్ళందరూ ఉండేవారు. ఏం కష్టమొచ్చినా వెళ్ళి చెప్పుకునే చోటు. జ్వరమొస్తే ఎవరికి కోపమొచ్చిందో కనుక్కుని, ఒక ముద్ద ఎక్కువ పెట్టి బతిమాలుకునేవాళ్ళం. నాకు వాటి మీద నమ్మకం ఉందా అంటే లేదనే చెప్తాను. అయినా బీపీ మాత్ర వేసుకుని, ఎవరికీ ఏమీ చెప్పుకోకుండా పడుకునే రాత్రి, ఆ నమ్మకం ఉన్నవాళ్ళ బతుకే నయమేమో అనిపిస్తుంది.

పోయిన వారం సత్యం ఫోను చేశాడు. హార్బరు దగ్గరి ఇల్లు పడగొట్టి కడతారట, వాడు ఫ్లాటులోకి మారిపోయాడు. ముంతలు వెంట తెచ్చుకున్నాడు. చిన్నాన్నని ఇంకా కూర్చోబెట్టలేదు. పిన్నిని కర్మ అయ్యాక పుట్టింటివాళ్ళు తీసుకెళ్ళారు. "నువ్వే మామ్మతో ఎల్లేదానివి గదక్కా. పిలిసే మాటలు నీకు తెలిసుంటాయి, ఒకపాలి రా" అన్నాడు. తెలియవని చెప్పినా వినలేదు. వెళ్ళాను. వంటగదిలో గ్రానైట్ బల్ల చివర తుడిచి, మూడు ముంతలూ వరసగా పెట్టాడు. పసుపు రాశాం, బొట్లు పెట్టాం. వాడి పెళ్ళాం స్టీలు పళ్ళెంలో వేడన్నం, చేపల పులుసు తెచ్చి పెట్టి, పక్కకి వెళ్ళి నిలబడింది. సత్యం నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను. చివరికి వాడే చేతులు జోడించి, "నాన్నా, రా" అన్నాడు.  పై అంతస్తులో ఎవరిదో కుక్కరు కూసింది. ఎంతసేపు నిలబడాలో మాకెవరికీ తెలియదు. అన్నం మీద ఆవిరి తగ్గి, పులుసు మీద నూనె తెట్టె కట్టింది. చాలాసేపటికి ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, "పళ్ళెం తీసీమంటారా వదినా?" అని మెల్లిగా అడిగింది. తియ్యమని చెప్పలేకపోయాను, ఉంచమనీ చెప్పలేకపోయాను.